పుస్తకం మూసి రాయి, బిడ్డా

ప్రశ్న: నమస్తే టీచర్. మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ చదువుతున్నా, ఇంగ్లిష్ మీడియం. నా చేతిరాత బాగుంటుందని మా సార్లు క్లాసు చార్టులన్నీ నాతోనే రాయిస్తారు. ఫ్రెండ్స్ కూడా ఎఫ్ఏ (బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కుల) ప్రాజెక్టులు, రికార్డులు తెచ్చి నాకే ఇస్తారు. కాదంటే పోజు కొడుతోంది అంటారు. అవన్నీ అయ్యేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది. పొద్దున నాలుగున్నరకు అమ్మ లేపుతుంది. లేచి కూర్చుంటా కానీ చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతుంటా. రాత్రి వచ్చింది పొద్దునకు ఉండదు. ఎస్ఏ-1 (అర్ధ సంవత్సరం పరీక్ష)లో మ్యాథ్స్ 80కి 31 వచ్చింది. ఇంటర్నల్స్ మాత్రం అన్నింట్లో 20కి 19, 20. ‘ఇంత కష్టపడుతున్నవు, మార్కులు ఎటు పోతున్నయి?’ అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. నాకు బాసర ట్రిపుల్ ఐటీలో సీటు రావాలని అమ్మ కోరిక. అమ్మ పత్తి ఏరడానికి పోతుంది, నాన్న ఆటో నడుపుతాడు. సంక్రాంతి సెలవులు అయిపోతే ప్రీఫైనల్ అంటున్నారు. క్వశ్చన్ పేపరు చేతికి రాగానే చేతులు చల్లబడిపోతున్నాయి. ఒక్కోసారి ఇవన్నీ వదిలేసి ఎటైనా పోవాలనిపిస్తోంది. ఏం చేయాలి టీచర్?
– ఒక టెన్త్ అమ్మాయి

జవాబు: బిడ్డా, నీ ఉత్తరంలో చివరి మాట దగ్గర మొదలుపెడతాను. ‘ఎటైనా పోవాలనిపిస్తోంది’ అన్నావు. నాలుగున్నర గంటలు పడుకుని బడికి పోయే పిల్లకు అలా అనిపించడంలో వింత లేదు. అలిసిపోయి అన్న మాటే అయ్యుంటుందని అనుకుంటున్నాను. అయినా ఆ మాటను లోపల పెట్టుకోకు. ఇవాళే అమ్మకు చెప్పు. అమ్మకు చెప్పలేకపోతే బడిలో నీకు చనువున్న టీచరుకు చెప్పు. అది ఇంకా ముదిరి, అసలు ఉండాలని లేదన్నంత దాకా పోతే, ఏ వేళయినా సరే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరు. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. పరీక్ష సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్నకు వద్దాం. మార్కులు ఎటు పోతున్నాయి? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు అందులోనే ఉంది. నువ్వు రోజూ మూడు నాలుగు గంటలు రాస్తున్నావు. ఆ రాతలో పుస్తకం ఎదురుగా పెట్టుకోకుండా రాసింది ఎంత? చార్టు చూసి రాస్తావు. రికార్డు చూసి దించుతావు. ఫ్రెండ్ ప్రాజెక్టు అయితే ఇంకో ఫ్రెండ్ ప్రాజెక్టులోంచి దించుతావు. పొద్దున లేచి చేసేది కూడా చూసి చదవడమే. పరీక్ష హాల్లో మాత్రం చూసేందుకు ఏమీ ఉండదు. ఏడాది పొడుగునా ఒక పని చేసి, ఆ మూడు గంటలు ఇంకో పని చేయమంటే చేతులు చల్లబడవా మరి.

ఈ తప్పులో నాకూ వాటా ఉంది. ముప్ఫై ఏళ్లు బయాలజీ చెప్పాను. ఎఫ్ఏ వచ్చిందంటే చార్టుల మీద చార్టులు గీయించి, కట్టగట్టి, స్టాఫ్ రూమ్ బీరువా పైన పెట్టించేదాన్ని. తనిఖీకి ఎవరైనా వస్తే చూపించాలిగా. ఒక ఏడాది నీలాంటి అమ్మాయే ఒకతె, మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్ బొమ్మ గీసింది. రక్తనాళాలకు ఎరుపు, నీలం, అంచు చుట్టూ పువ్వులు, అచ్చు వేసినట్టే ఉండేది. దాన్ని రెండేళ్లు గోడ మీంచి తీయలేదు. పరీక్షలో అదే బొమ్మ వచ్చింది. బయటికొచ్చి ఏడ్చింది. బొమ్మ వేయగలిగిందట, ఏ భాగం పేరు ఎక్కడ రాయాలో తోచలేదట. అప్పుడు తెలిసింది నాకు, ఆ పిల్ల చేత నేను బొమ్మ గీయించాను తప్ప పాఠం చెప్పలేదని.

చదివింది నిలవకపోవడం నీ ఒక్కదాని సమస్య కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఒక చిన్న పాఠం ఇచ్చి మళ్లీ మళ్లీ చదవమన్నారు. ఇంకొందరిని చదివాక కాగితం పక్కన పెట్టి, గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివిన వాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చూడకుండా రాసిన వాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. మాకు బాగా గుర్తుంటుందని ముందు ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివిన వాళ్లే! ‘రాత్రి వచ్చింది’ అని నువ్వు రాశావు చూడు, అది ఆ ధీమా. రాత్రి నీకు వచ్చింది పాఠం కాదమ్మా, పాఠం చూసిన అలవాటు.

కాబట్టి చేయాల్సింది ఇది. ఏదో ఒక చిన్న ముక్క తీసుకో, పాఠం మొత్తం వద్దు. మూత్రపిండం రక్తాన్ని ఎలా వడకడుతుంది అనే ఒక్క భాగం అనుకుందాం. ఒకసారి నిదానంగా చదువు. పుస్తకం మూసేసి అవతల పెట్టు. పాత నోటుబుక్కు వెనక పేజీల్లో గుర్తున్నదంతా రాయి, బొమ్మతో సహా. వంకరగా వచ్చినా పర్వాలేదు. చేతిరాత అసలు చూసుకోవద్దు. నీకు కష్టమయ్యేది అక్కడేనని నాకు తెలుసు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చు. ఆ ఎర్ర ముక్కలే నువ్వు చదవాల్సినవి, మిగతాది నీకు వచ్చినట్టే. మర్నాడు తెల్ల కాగితం మీద మళ్లీ రాయి. మూడు రోజులాగి ఇంకోసారి, వారం తర్వాత ఇంకోసారి. ఒక్కోసారికీ ఎరుపు తగ్గుతుంది. మొదటి రోజు పేజీలో సగం ఎర్రగా కనిపించి ఏడుపొస్తుంది. రానీ. పరీక్ష హాల్లో రావాల్సిన ఏడుపు ఇంట్లోనే అయిపోతుంది.

ఇంగ్లిష్ మీడియం అన్నావు కాబట్టి ఇంకొక మాట. అర్థం కాని ఇంగ్లిష్ వాక్యాన్ని బట్టీ పడితే మధ్యలో ఒక్క మాట జారినా మొత్తం పోతుంది. ముందు తెలుగులో పైకి చెప్పు. ఎవరికి చెప్పాలంటావా, అన్నం తిన్నాక అమ్మకు చెప్పు. ‘అమ్మా, మన ఒంట్లో రక్తం ఎట్ల వడపోత అయితదో చెప్తా విను’ అని మొదలుపెట్టు. అమ్మకు నెఫ్రాన్ తెలియక్కర్లేదు. నువ్వు ఎక్కడ నసిగావో, ఎక్కడ దాటేశావో మాత్రం ఇట్టే పట్టేస్తుంది. ఆ తర్వాత అదే సంగతి పొట్టి పొట్టి ఇంగ్లిష్ వాక్యాల్లో రాయి. పుస్తకంలోని పొడుగు వాక్యమే ఉండాలని రూలేం లేదు. నేను ఏళ్ల తరబడి స్పాట్ వాల్యుయేషన్‌కు పోయాను. రోజుకు నలభై పేపర్లు దిద్దేవాళ్లం. అలా దిద్దే మనిషికి కావాల్సింది పాయింటు ఉందా, బొమ్మకు పేర్లున్నాయా, ప్రశ్న నంబరు సరిగ్గా వేశారా అన్నదే. నాలుగు చిన్న వాక్యాల్లో నాలుగు పాయింట్లు దొరికితే దిద్దేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

ఇక ఎఫ్ఏల గోల. వాటిని తీసిపారేయమని చెప్పను. మీకు రాత పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 పద్ధతి కాబట్టి ఆ 20 కూడా మార్కులే. (వాటిని ఎత్తేస్తామని 2024 నవంబరులో మన ప్రభుత్వం ప్రకటించింది, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నల్స్ లేవు, వందా పరీక్షలోనే.) కానీ ఆ 20 ఎలా వస్తాయో ఒకసారి చూడు. నాలుగు ముక్కలు, ముక్కకు అయిదు. ప్రాజెక్టుకు అయిదు, రాత పనికి అయిదు, స్లిప్ టెస్టుకు అయిదు, క్లాసులో పాల్గొన్నందుకో పుస్తకం చదివి రాసినందుకో ఇంకో అయిదు. ప్రాజెక్టు ఎంత అందంగా చేసినా అయిదే. స్కెచ్ పెన్నులతో వేసిన బార్డరుకు ఆరో మార్కు లేదు. నీకు ఎలాగూ 19, 20 వస్తున్నాయి. అక్కడ నువ్వు పెట్టే అదనపు గంటకు వచ్చేదేమీ లేదు. అదే గంట 80 వైపు పెడితే వస్తుంది.

ప్రాజెక్టును చదువులో కలిపేసుకునే దారి కూడా ఉంది. సోషల్‌లో నీటి వనరుల పాఠం ఉంది కదా, హివారే బజార్ ఊరి సంగతి ఉంటుంది. దాని మీద ప్రాజెక్టంటే గైడులోంచి నాలుగు పేజీలు దించడం కాదు. మీ వీధిలో అయిదుగురు రైతుల దగ్గరికి పోయి, బోరు ఎన్ని ఫీట్లు వేశారు, ఏ ఏడాది వేశారు, ఎన్ని ఎండిపోయాయి అని అడుగు. ఒక పట్టిక గీయి, పక్కన నీ మాటల్లో పది వాక్యాలు రాయి. సాయంత్రం ఒక గంట పని. పరీక్షలో భూగర్భ జలాల మీద అభిప్రాయం రాయమంటే ఆ పట్టిక నీ కళ్ల ముందుంటుంది, బట్టీ అక్కర్లేదు. నీ వాళ్లకు తెలిసినంతగా బోర్ల సంగతి ఏ గైడుకూ తెలియదు.

వేరేవాళ్ల ప్రాజెక్టులు మాత్రం ఇవాళ్టితో ఆపెయ్. నీ సంచిలో ఇప్పుడున్నవి రేపు వెనక్కి ఇచ్చెయ్. పోజు అంటారా, అననీ. పదిహేనేళ్ల పిల్లలు అన్న మాట ప్రీఫైనల్ దాకా కూడా గుర్తుండదు. పూర్తిగా కాదనలేకపోతే బేరం పెట్టు: ‘లోపల నువ్వు రాసుకో, పైన హెడ్డింగ్ నేను రాసిస్తా’ అను. హెడ్డింగుకు రెండు నిమిషాలు. నిజానికి వాళ్లకూ నువ్వు మేలు చేయడం లేదు, వాళ్లు రాసుకోవాల్సింది నువ్వు రాసేస్తున్నావు.

సార్లకు చెప్పడం ఇంకాస్త కష్టం, తెలుసు. క్లాసులో అందరి ముందు కాకుండా స్టాఫ్ రూమ్‌కు వెళ్లి చెప్పు. ‘సార్, మ్యాథ్స్‌లో తక్కువొచ్చింది. పరీక్షలయ్యేదాకా చార్టులు వేరేవాళ్లకు ఇవ్వండి సార్’ అంటే చాలు. కోప్పడే సారు దాదాపు ఉండరు. అసలు చాలామందికి నీ మీద ఇంత భారం పడుతోందని తెలిసే ఉండదు, ఒక్కొక్కరూ ‘ఒక్క చార్టే కదా’ అనుకుంటారు. ఇది చదివే టీచర్లు ఉంటే వాళ్లకూ ఒక మనవి: అందమైన చేతిరాత ఉన్న పిల్ల మీ క్లాసులో ఉంటే, ఈ నెలలో ఆమె చేత ఎన్ని చార్టులు రాయించారో ఒకసారి లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టలేదు.

మ్యాథ్స్‌కు వద్దాం. 31 అనే అంకె చూసి భయపడుతున్నావు. పాస్‌కు రాత పరీక్షలో 80కి 28 కావాలి, అది నీకు ఇప్పటికే దాటింది. అంటే సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. ఆ ఎస్ఏ-1 పేపరు పడేయలేదనుకుంటాను. బయటికి తియ్. మార్కు పోయిన ప్రతి లెక్క పక్కనా మూడింట్లో ఒక మాట రాయి: ‘రాదు’, ‘వచ్చు కానీ తప్పు చేశా’, ‘టైమ్ చాలలేదు’. నేను చూసిన పిల్లల్లో చాలామందికి ‘రాదు’ అన్నవి తాము అనుకున్నదానికంటే తక్కువే తేలేవి. గుర్తులు తారుమారు కావడం, సూత్రం రాయకుండా గభాలున లెక్కలోకి దిగడం, ఇలాంటివే ఎక్కువ. సూత్రం రాసి, విలువలు వేసి, చివర కూడిక తప్పినా స్టెప్పులకు మార్కులు పడతాయి. ఖాళీగా వదిలిన చోట దిద్దేవాళ్లు ఏం చేయగలరు?

‘రాదు’ అని తేలిన వాటిలో అన్నీ ఒకేసారి పట్టుకోకు. పుస్తకంలో 14 చాప్టర్లున్నాయి. స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీ, సెట్స్, ప్రోగ్రెషన్స్ ముందు పట్టు. వీటికి వెనకటి క్లాసుల పునాది మరీ ఎక్కువ అక్కర్లేదు. గ్రాఫు, నిర్మాణాలు చేతి పని, నీ చేతికి అవి బంగారంలా వస్తాయి. చార్టుల్లో వాడిన ఆ ఓపిక ఇక్కడ వాడు. ట్రిగొనామెట్రీ ఆఖరున చూసుకో, సంక్రాంతి సెలవుల్లో మీ సారును ఒక గంట అడిగి సూత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పించుకో. పార్ట్-బి బిట్లు 20 మార్కులు, తేలిగ్గా తీసుకోవద్దు. బ్రాకెట్లో జవాబుకు ఇంగ్లిష్ పెద్ద అక్షరమే (A, B, C, D) రాయాలి, కొట్టేసి దిద్దితే ఆ మార్కు రాదు. అందుకే ముందు పక్కన పెన్సిల్‌తో లెక్క చేసుకుని అక్షరం ఒకేసారి వెయ్. మార్చికి 31ని 50 చేద్దాం. 75 అని గోడ మీద రాసుకుని రోజూ దాన్ని చూసి దిగులుపడటం కంటే అది మేలు.

చేతులు చల్లబడటానికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు పాత పేపరొకటి ముందేసుకుని పన్నెండున్నర దాకా కూర్చో. ఇంట్లో వాళ్లను పిలవొద్దని చెప్పు, ఫోన్ నాన్న ఆటోలోనే ఉండనీ. సైన్స్ పేపర్లకు గంటన్నరే కాబట్టి ఆ రెండూ గంటన్నరలోనే రాయి. అయిదారు ఆదివారాలు ఇలా కూర్చుంటే అసలు పరీక్ష ఏడో ఆదివారంలా ఉంటుంది. హాల్లో పేపరు రాగానే మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టాలని లేదు. బాగా వచ్చిన ఒక ప్రశ్న వెతుక్కుని, నంబరు స్పష్టంగా వేసి, అది రాయి. ఆ పేజీ నిండేసరికి చేతులు వాటంతటవే వేడెక్కుతాయి.

నిద్ర గురించి అమ్మతో నేను మాట్లాడాలనుంది. ఈ పేరా ఆమెకు చదివి వినిపించు. అమ్మా, తెల్లవారుజామున చదివితే బాగా వస్తుందని మా ఇంట్లోనూ అనేవాళ్లు. అది నిజమే, కాకపోతే ఆ మాట పుట్టింది పొద్దుగూకి దీపం పెట్టిన కాసేపటికే పడుకునే ఇళ్లలో. పన్నెండింటికి పడుకున్న పిల్లను నాలుగున్నరకు లేపితే కళ్లు పుస్తకం మీద ఉంటాయి, మనసు నిద్రలోనే ఉంటుంది. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తారు. అంత కుదరదనుకుందాం. పదింటికి పడుకోనిచ్చి అయిదున్నరకు లేపండి. పగలు చదివినది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర తగ్గించి చదివించడమంటే కుండకు చిల్లు పెట్టి నీళ్లు పోయడమే.

బాసర కోరిక మంచిదే, కాదనను. 2008లో మొదలైంది, నిర్మల్ జిల్లాలో ఉంది, టెన్త్ మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగ్ కోర్సులోకి తీసుకుంటారు. సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ కూడా ఉంది. పోటీ కూడా గట్టిదే. దాన్ని ఒక్కటే ద్వారం చేసుకుంటే పరీక్ష హాల్లో నీతోపాటు బాసర కూడా వచ్చి నీ బెంచీ మీద కూర్చుంటుంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. గురుకుల జూనియర్ కాలేజీలున్నాయి, ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంది. మీ హెడ్మాస్టర్ గారిని అడిగి ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాయించుకుని అమ్మకు చూపించు. అమ్మ కోరేది నిజానికి బాసర కాదు, నువ్వు పత్తి చేనుకు పోకూడదని. ఆ కోరికకు చాలా దారులున్నాయని తెలిస్తే ఆమెకూ కాస్త ఊపిరాడుతుంది.

ఇంకా ఒక్క సంగతి. నీ ఉత్తరం రెండు పేజీలుంది, ఒక్క కొట్టివేత లేదు. మార్జిన్ గీశావు, పేరాకూ పేరాకూ సమంగా జాగా వదిలావు. ముందు చిత్తు రాసుకుని, దాన్ని చూసి ఇది దించావు కదూ? ఎంతసేపు పట్టింది, గంటా? ఫిబ్రవరిలో ప్రీఫైనల్ మ్యాథ్స్ పేపరు దిద్ది ఇచ్చాక నాకు మళ్లీ రాయి. చిత్తు వద్దు, మార్జిన్ వద్దు. నేరుగా రాసెయ్, కొట్టివేతలున్నది పంపు.